ముందు ఆ మూడు పేజీల మాటలు రాయండి

ప్రశ్న: నేను ఫిజియోథెరపిస్టుని. చిన్న క్లినిక్ నడుపుతున్నాను. నేను, నాతోపాటు ఇంకో ఇద్దరు థెరపిస్టులు, ఫోన్ ఎత్తడానికి ఒకమ్మాయి, అంతే మా బలగం. లెక్కలు మావారు చూసుకుంటారు. క్లినిక్‌కి వెబ్‌సైట్ చేయించాలని ఏడాదిగా అనుకుంటున్నాం. మా తమ్ముడి స్నేహితుడు ఆ పనే చేస్తాడు. "లోగో, రంగులు, మీకు నచ్చిన రెండు మూడు సైట్లు పంపండక్కా, సోమవారం మొదలుపెట్టేస్తా" అన్నాడు. నాకూ ఉత్సాహంగానే ఉంది. వీడియోలు, ఫొటో గ్యాలరీ, వ్యాసాలు, ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్, చాట్ ఉండాలని జాబితా కూడా రాసుకున్నాను. మావారు మాత్రం అడ్డం పడుతున్నారు. ముందు అంతా ప్లాన్ చేసి కాగితం మీద పెట్టకపోతే తర్వాత గొడవలవుతాయంటారు. "మొదలుపెడితే అదే తెలుస్తుంది, నచ్చకపోతే మార్చుకోవచ్చు" అని తమ్ముడంటాడు. వీళ్ళిద్దరి మధ్య నాకు టెన్షన్. అసలు ఎంత ప్లాన్ చేసుకోవాలి? ఏమేం రాసిపెట్టుకోవాలి?
ఒక పాఠకురాలు

జవాబు: మీవారు చెప్పింది ముప్పాతిక నిజం. తమ్ముడు చెప్పింది పావు నిజం. ఆ పావు సంగతి ముందు తేల్చేద్దాం. రంగు మార్చడం, అక్షరాల సైజు పెంచడం, ఒక ఫొటో తీసేసి ఇంకోటి పెట్టడం లాంటివి సైట్ తయారయ్యాక కూడా చిటికెలో అయిపోతాయి. వాటి గురించి ఇప్పుడు కూర్చుని వాదించుకోనక్కర్లేదు. కానీ అపాయింట్‌మెంట్లు క్లినిక్ మొత్తానికి ఒకటే వరస అనుకుని ఆ అబ్బాయి అంతా కట్టేశాక, మీరు వెళ్ళి "మా ముగ్గురికీ వేరువేరు టైములు కదా, పైగా మొదటిసారి వచ్చినవాళ్ళకి ఎక్కువసేపు పడుతుంది" అన్నారనుకోండి. అతను పునాది దగ్గర్నుంచి తవ్వుకోవాలి. మీకది చిన్న మాట, అతనికి రెండు వారాల పని. గొడవలు పుట్టేది సరిగ్గా అక్కడే.

ఇక మీ ఉత్తరం. రెండుసార్లు చదివాను. వీడియోలున్నాయి, గ్యాలరీ ఉంది, చాట్ ఉంది. పేషెంటు ఒక్కరు కూడా కనపడలేదు. తప్పు పట్టడం లేదండీ, అందరూ ఇలాగే మొదలుపెడతారు. నేనూ చాలా సైట్లు ఇలాగే మొదలుపెట్టి చేతులు కాల్చుకున్నాను. అన్నిటికన్నా ముందు లోగో, రంగులు అడుగుతున్న ఆ అబ్బాయిదీ అదే వరస. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ సైట్‌లో ఏముండాలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి మీ క్లినిక్‌లోనే ఉంది. ఫోన్ ఎత్తే అమ్మాయి. ఆమెకు ఒక నోట్‌బుక్ ఇవ్వండి. వారం రోజులపాటు ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ఏమడిగారో వాళ్ళ మాటల్లోనే రాయమనండి. సర్దవద్దని, బాగు చేయవద్దని గట్టిగా చెప్పండి. "మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, ఎన్నాళ్ళకి తీసుకురావాలి?" "డాక్టరు చీటీ లేకుండా రావచ్చా?" "ఎక్స్‌రే తేవాలా?" "మెట్లెక్కాలా, వీల్‌చెయిర్ లోపలికొస్తుందా?" "మొత్తం ఎన్నిసార్లు రావాల్సి వస్తుంది?" "సాయంత్రం ఆఫీసయ్యాక వస్తే ఉంటారా?" ఇలాంటివి వస్తాయి. మూడో రోజుకల్లా అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయని ఆ అమ్మాయే మీకు చెబుతుంది. ఆ పది పన్నెండు ప్రశ్నలే మీ సైట్. మీరు రాసుకున్న జాబితా పక్కన ఈ నోట్‌బుక్ పెట్టి చూడండి. గ్యాలరీ చూపించమని ఎవరైనా ఫోన్ చేశారేమో వెతకండి.

వారం గడిచాక మీరూ, మీవారూ కూర్చుని ఒక్క వాక్యం రాయాలి. ఈ సైట్ వచ్చిన ఆరు నెలలకి ఏం జరిగితే డబ్బు దండగ కాలేదనుకుంటారు? "క్లినిక్ పేరు బాగా తెలియాలి" అని రాస్తే చింపేసి మళ్ళీ రాయండి. అది ఎవరూ కొలవలేరు. "కొత్త పేషెంట్లు సైట్ చూసి ఫోన్ చేయాలి" అనేది ఒకటి. "టైమింగ్స్ కోసం, దారి కోసం వచ్చే ఫోన్లు సగానికి తగ్గాలి" అనేది ఇంకొకటి. "ఇప్పటికే వస్తున్న పేషెంట్లు ఇంట్లో వ్యాయామాలు సరిగ్గా చేయాలి" అనేది మూడోది. మూడూ మంచివే, కానీ మూడూ వేరువేరు సైట్లు. మొదటిదానిలో మీ ముగ్గురి అనుభవం, ఏయే నొప్పులు చూస్తారు అన్నది ముందుండాలి. రెండోదానికి టైమింగ్స్, మ్యాప్ మొదటి తెర మీదే కనపడాలి. మూడోదానికి లాగిన్లు, పాస్‌వర్డులు, వీడియోలు... పని పెరిగిపోతుంది. ఏది ముందో ఒకటి ఎంచుకోండి. మిగతా రెండూ పోవు, తర్వాత వస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. నా అనుభవంలో సైట్లు ఆలస్యమయ్యేది కోడ్ వల్ల కాదు. మాటలు లేక. కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థకి సైట్ చేశాం. డిజైన్ చూసి అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కో సేవకి నాలుగు లైన్లు పట్టే ముచ్చటైన పెట్టెలు గీశాం. లోపల ప్రస్తుతానికి లోరెమ్ ఇప్సమ్ పోశాం. అసలు మేటర్ వచ్చేవారం ఇస్తామన్నారు. నాలుగు నెలలు పట్టింది. వచ్చాక చూస్తే ఒక సేవకి రెండు లైన్లు, ఇంకోదానికి రెండున్నర పేజీలు. ఆ పెట్టెలన్నీ పీకేసి మళ్ళీ మొదటికొచ్చాం. డబ్బు దగ్గర మాట తేడా వచ్చి స్నేహం కూడా చెడింది. లోరెమ్ ఇప్సమ్ అంటే ఏమిటో తెలుసా? క్రీస్తుపూర్వం 45లో సిసిరో రాసిన లాటిన్ గ్రంథంలోని వాక్యాలని ముక్కలు చేసి కలిపేసిన అర్థంలేని పాఠం. ఏ పెట్టెలో పోస్తే ఆ పెట్టెలో ఒదిగిపోతుంది. దాంతో వచ్చే ప్రమాదం కూడా అదే. మీ మెడనొప్పి పేజీ అలా ఒదగదు.

అందుకే కోడ్ మొదలుపెట్టకముందే కనీసం మూడు పేజీల అసలు మాటలు రాసేయండి. మొదటి పేజీ ఒకటి. ఏదో ఒక సమస్యకి సంబంధించిన పేజీ, ఉదాహరణకి మోకాలి ఆపరేషన్ తర్వాత చేసే థెరపీ గురించి, ఒకటి. "మొదటిసారి వచ్చేటప్పుడు" అనే పేజీ ఇంకొకటి. ఈ మూడూ ఉంటే మిగతా పేజీల సైజూ, తీరూ ఆ అబ్బాయికి అర్థమైపోతాయి. రాయడం రాదంటారా, రాయొద్దు. మీరు రోజూ పేషెంటుకి చెప్పేదే ఫోన్‌లో రికార్డు చేసి, విని టైపు చేయించండి. మీరు ఎదురుగా కూర్చుని చెప్పే మాట ఎలాగూ సూటిగానే ఉంటుంది. కాగితం ముందు కూర్చుంటేనే "అత్యాధునిక చికిత్సా విధానాలతో" అని మొదలవుతుంది. బొమ్మలూ హంగులూ లేకపోతే ఎలా అని బెంగ అక్కర్లేదు. 1991లో వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ సెర్న్ పరిశోధనా కేంద్రంలో పెట్టిన మొట్టమొదటి వెబ్‌సైట్‌లో ఒక్క బొమ్మ లేదు. ఈ వెబ్ అంటే ఏమిటి, ఎలా వాడాలి అని చెప్పే మాటలు, వాటి మధ్య లింకులు. చదవాల్సినవాళ్ళు చదివారు.

ఫొటోలదీ ఇదే కథ. గుమ్మం ఎలా ఉంటుంది, లిఫ్ట్ ఉందా, లోపల గది ఎలా ఉంటుంది, ఇవి చూపించే అసలు ఫొటోలు కావాలి. నవ్వుతున్న విదేశీ డాక్టర్ల ఫొటోలు కొనకండి. పేషెంటు ముఖం కనపడే ఫొటో అయితే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఎవరికి ఏ నొప్పి అన్నది వాళ్ళ సొంత విషయం.

తర్వాత పేజీల పేర్లు. దీని మీద కాస్త ఎక్కువసేపే కూర్చోండి. మీరు చదువుకున్న చదువు మీకు అడ్డం వచ్చే చోటు ఇది. "ఆర్థోపెడిక్ రిహాబిలిటేషన్" అని మీరు రాస్తారు. వచ్చేవాళ్ళ మనసులో ఉండేది "కట్టు తీసేశారు, చెయ్యి మడత పడట్లేదు" అని. "న్యూరో ఫిజియోథెరపీ" అని మీరంటారు, వాళ్ళు పక్షవాతం అని వెతుకుతారు. నోట్‌బుక్‌లో ఉన్న మాటలే మెనూలోకి తేవాలి. ఒక చిన్న పని చేయండి. సైట్‌లో ఉండాల్సిన విషయాలు ఒక్కోటి ఒక్కో చీటీ మీద రాసి, వైద్యంతో సంబంధం లేని ఇద్దరు ముగ్గురికి ఇచ్చి, ఏది ఏ కుప్పలోకి వెళ్తుందో పేర్చమనండి. కుప్పకి పేరు కూడా వాళ్ళనే పెట్టమనండి. దీన్ని కార్డ్ సార్టింగ్ అంటారు. వాళ్ళు పేర్చిన తీరు చూసి మీరు ఆశ్చర్యపోతారు. కొంచెం కోపం కూడా వస్తుంది. ఆ సమయంలో వాళ్ళకి సర్దిచెప్పకండి, చూస్తూ కూర్చోండి.

కుప్పలు తేలాక తెర ఎలా ఉండాలో పెన్సిల్‌తో గీయండి. ఫోన్ సైజు డబ్బాతో మొదలుపెట్టండి, కంప్యూటర్ తెరతో వద్దు. ఒకే సైట్ ప్రతి తెరకీ తగ్గట్టు సర్దుకోవాలనే రెస్పాన్సివ్ డిజైన్ మాట 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ చెప్పినప్పటినుంచి వాడుకలో ఉంది. గూగుల్ కూడా ఇప్పుడు సైట్‌ని ఫోన్‌లో కనపడే రూపం చూసే తన జాబితాలోకి ఎక్కిస్తోంది. ఇవన్నీ పక్కన పెట్టండి, మీ పేషెంట్లను తలుచుకోండి. భుజం పట్టేసి, ఒక చెయ్యి స్లింగ్‌లో ఉన్న మనిషి మిగిలిన ఒక్క చేత్తో ఫోన్ పట్టుకుని బొటనవేలితో మీ సైట్ తెరుస్తాడు. అతని వేలికి అందేచోట ఫోన్ బటన్ ఉందా?

గీసిన కాగితాలు పట్టుకెళ్ళి ఒక ఐదుగురికి చూపించండి. యూజబిలిటీ, అంటే సైట్లు వాడటం ఎంత సులువో పరీక్షించే విద్యలో నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు, ఐదుగురితో పరీక్షిస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని. "ఎలా ఉంది?" అని అడగొద్దు, "బాగుందండీ" అంటారు. పని చెప్పండి. "రేపటి అపాయింట్‌మెంట్ మార్చుకోవాలి, ఈ కాగితం మీద ఎక్కడ నొక్కుతారు?" అని అడిగి నోరు మూసుకోండి. వేలు ఎక్కడ తచ్చాడుతుందో అక్కడ తప్పుంది. రబ్బరుతో చెరిపితే సరిపోయే తప్పు.

మీ క్లినిక్‌కి ఇంకొకటి మరీ ముఖ్యం. మీ దగ్గరికి వచ్చేవాళ్ళలో వయసు పైబడినవాళ్ళు, మణికట్టు నొప్పితో మౌస్ పట్టుకోలేనివాళ్ళు, వేళ్ళు వణికేవాళ్ళు ఉంటారు. ఇలాంటివాళ్ళకి కూడా సైట్లు పనికొచ్చేలా డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5కి 1 ఉండాలంటాయి. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 వెర్షన్, కొన్ని మినహాయింపులతో, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ళ (తెర మీది చుక్కల) వెడల్పు, 24 పిక్సెళ్ళ ఎత్తు ఉండాలంటుంది. మౌస్ లేకుండా కీబోర్డుతోనే సైట్ అంతా తిరగగలగాలి. సైట్ కట్టేశాక వీటిని అతికించడం కష్టం, ముందే అనుకుంటే పెద్ద శ్రమ లేదు. ఆ అబ్బాయికి ఇచ్చే కాగితంలో ఇది ఒక లైనుగా రాయండి. లేత బూడిద రంగు అక్షరాలు అందంగా ఉంటాయని అతను అంటే, మీ పేషెంటు ఒకాయన్ని పిలిచి చదవమనండి. రంగుల గురించి నేను చెప్పేది ఇంతే.

ఇప్పుడు మీ జాబితాకి వద్దాం. గ్యాలరీ కొట్టేయండి, ఫొటోలు వాటి వాటి పేజీల్లో ఉంటే చాలు. చాట్ కూడా. రాత్రి పదకొండింటికి నడుం పట్టేసిన మనిషి అందులో టైపు చేస్తే జవాబు ఎవరిస్తారు? ఎవరూ లేని చాట్ కంటే ఎత్తే ఫోన్ నంబరు నయం. వ్యాసాల సంగతి మీ ఓపికను బట్టి. కానీ చివరి వ్యాసం మీద రెండేళ్ళ కిందటి తేదీ కనపడితే క్లినిక్ మూసేశారేమో అనుకుంటారు. ముందు ఆరు వ్యాసాలు రాసి మీ దగ్గర పెట్టుకోండి, అప్పుడు ఆ పేజీ అడగండి. వీడియోల గురించి నాకన్నా మీకే బాగా తెలుసు, చూడకుండా చెప్పిన వ్యాయామం ఎవరికి ఎలా బెడిసికొడుతుందో. మీరు పరీక్షించిన పేషెంటుకి మాత్రమే లింకు పంపేలా పెట్టుకోవచ్చేమో ఆలోచించండి. మొదటి పేజీ తెరవగానే దానంతటదే మొదలయ్యే వీడియో మాత్రం వద్దు. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనపడాలని గూగుల్ కొలమానం. ఆ బరువైన వీడియోతో అది కష్టమవుతుంది.

మిగిలింది అపాయింట్‌మెంట్. మీ జాబితాలో నిజంగా కష్టమైనది ఇదొక్కటే. ఇందులో కోడ్ కన్నా మీ క్లినిక్ పద్ధతులు తేలడమే కష్టం. ఒక్కొక్కరికి ఎంతసేపు? పేషెంటు ఫలానా థెరపిస్టే కావాలంటే? ఎన్ని గంటల ముందు రద్దు చేసుకోవచ్చు? ఫోన్‌లో బుక్ అయినవీ, ఆన్‌లైన్‌లో బుక్ అయినవీ ఒకే క్యాలెండర్‌లో పడతాయా, లేక ఆ అమ్మాయి దగ్గర ఒక పుస్తకం, సైట్‌లో ఇంకో పుస్తకమా? రెండు పుస్తకాలుంటే ఒకే మంచం దగ్గర ఇద్దరు పేషెంట్లు నిలబడే రోజు తప్పకుండా వస్తుంది. వీటికి జవాబులు లేకుండా ఆన్‌లైన్ బుకింగ్ మొదలుపెట్టకండి. మొదటి విడతలో ఒక చిన్న ఫారం చాలు. పేరు, ఫోన్ నంబరు, ఏ టైములో వీలవుతుంది. జబ్బు వివరాలు అడగొద్దు, ఆ మాటలు ఈమెయిళ్ళలో తిరగడం మంచిది కాదు. ఫోన్ ఎత్తే అమ్మాయి తిరిగి ఫోన్ చేసి టైము ఇస్తుంది. ఆరు నెలలు ఇలా నడిస్తే అసలు బుకింగ్ ఎలా ఉండాలో మీకే తేలిపోతుంది. అప్పుడు కూడా కొత్తగా కట్టించడం కన్నా రెడీమేడ్‌గా దొరికే బుకింగ్ సర్వీసు పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

కొట్టేసినవి పారేయకండి. "రెండో విడత" అని ఒక కాగితం పెట్టుకోండి. మధ్యలో తమ్ముడికో, మీకో కొత్త ఆలోచన వచ్చినప్పుడల్లా అందులోకి వెళ్ళాలి. ఆ కాగితం లేకపోతే ప్రతి ఆలోచనా నేరుగా ఆ అబ్బాయి ఫోన్‌కి మెసేజ్‌గా వెళ్తుంది, పని ఎప్పటికీ ముగియదు.

ఒక విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. డొమైన్ పేరు, అంటే మీ సైట్ చిరునామా, మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ డబ్బుతో తీసుకోండి. తమ్ముడి స్నేహితుడే కదా అని అతని ఖాతాలో తీసుకోనివ్వకండి. అతను చెడ్డవాడని కాదు, రేపు వేరే ఉద్యోగంలో చేరి బిజీ అయిపోవచ్చు. డొమైన్ మనం కొనేది కాదు, ఏళ్ళ లెక్కన అద్దెకి తీసుకునేది. రెన్యూవల్ గుర్తుచేసే మెయిల్ ఎవరి ఇన్‌బాక్స్‌కి వెళ్తుందన్నదే అసలు ప్రశ్న. నాకు తెలిసిన ఒకావిడ సైట్ ఒక ఉదయం మాయమైంది. రెన్యూవల్ మెయిళ్ళన్నీ ఎప్పుడో పని మానేసిన కుర్రాడి పాత అడ్రసుకి వెళ్తున్నాయి. ఆ పేరు మళ్ళీ ఆవిడకి దక్కలేదు. హోస్టింగ్ (సైట్ ఫైళ్ళు ఉండే సర్వర్) లాగిన్, బ్యాకప్ ఎక్కడుంది అన్నవి కూడా మీ దగ్గర ఒక కాపీ ఉండాలి. సెలవు రోజున టైమింగ్స్ మీరే మార్చుకోగలిగేలా ఇవ్వమని అడగండి. కోడ్ రాయకుండానే సైట్‌లో మాటలు మార్చుకోనిచ్చే వర్డ్‌ప్రెస్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడితే అది కుదురుతుంది, కాకపోతే దాన్ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసే బాధ్యత ఎవరిదో కూడా అప్పుడే రాసుకోవాలి.

చివరగా మీవారు అడుగుతున్న కాగితం. రెండు పేజీలు దాటితే ఎవరూ చదవరు. పైన రాసిన ఆ ఒక్క వాక్యం, పేజీల పేర్లు, ఏ పేజీ మాటలు ఎవరు ఏ తేదీకి ఇస్తారు, డిజైన్ ఎన్నిసార్లు మార్చి ఇస్తాడు, ఏమేం పూర్తయితే పని అయిపోయినట్టు, డబ్బు ఏయే దశల్లో ఇస్తారు. ఇంకొకటి, ఆఖరి మాట ఎవరిది. ఇక్కడ ఒక్క పేరే ఉండాలి. మీవారు, తమ్ముడు, మీరు ముగ్గురూ వేరువేరుగా ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే అతను ముగ్గురు చెప్పిందీ చేసి ముగ్గురికీ నచ్చని సైట్ ఇస్తాడు. క్లినిక్ మీది కాబట్టి అక్కడ మీ పేరే ఉండాలంటాను.

మీవారికీ ఒక మాట. ప్లాన్ చేయడానికి కూడా గడువు పెట్టుకోవాలి. మీ సైజు క్లినిక్‌కి మూడు వారాలు చాలు. ఒక వారం నోట్‌బుక్, ఒక వారం మాటలు, ఇంకో వారం చీటీలు, పెన్సిల్ బొమ్మలు. నాలుగో వారంలో కూడా ఇంకా ఆలోచిస్తున్నామంటే అది ప్లానింగ్ కాదు, భయం.

కాబట్టి సోమవారం ఆ అబ్బాయిని రమ్మనండి. లోగో పంపకండి. నోట్‌బుక్ అప్పుడే మొదలుపెట్టామని, వారం తర్వాత చూపిస్తామని చెప్పి, ఇలాంటి పని ఇంతకుముందు చేసినప్పుడు మధ్యలో ఎక్కడ ఆగిపోయిందో అడగండి. నిజంగా చేసినవాడైతే గంటసేపు చెబుతాడు. ఫోన్ ఎత్తే అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ గంటసేపు ఫోన్లు మీవారు ఎత్తుతారు, నోట్‌బుక్‌లో రాస్తారు కూడా.